చీమకుర్తి బ్లాకులో దాగిన పగులును తరంగంతో పట్టుకోవడం ఎలా

నల్లరాయి బ్లాకులో లోపలి పగులు కంటికి కనపడదు. గ్యాంగ్‌సా (చాలా బ్లేడ్లతో ఒకేసారి పలకలు కోసే యంత్రం) మీదికి ఎక్కించి, రోజుల తరబడి కోసి, స్లాబులు విడదీసేటప్పుడు వరసగా పది పలకలు ఒకే గీత మీద రెండు ముక్కలైతే అప్పుడు తెలుస్తుంది. అప్పటికి రాయికి పెట్టిన డబ్బు, కరెంటు, బ్లేడ్లు, కూలి అన్నీ పోయి ఉంటాయి. కోతకు ముందే అల్ట్రాసోనిక్ పల్స్ మీటరుతో (చెవికి వినపడని తరంగాన్ని రాయిలోకి పంపి, అది అవతలికి చేరే సమయం కొలిచే పరికరం) ఇద్దరు మనుషులు ఒక పూట కూర్చుంటే ఇందులో చాలా భాగం తప్పించుకోవచ్చు. కాకపోతే మీటరు చూపించిన ఒక్క అంకెను పట్టుకుని రాయి మంచిదనో చెడ్డదనో తేల్చేయకూడదు. పగులు దగ్గర తరంగం ఏం చేస్తుందో తెలిస్తేనే ఆ అంకెను చదవగలం. అందుకే ముందు దాని సంగతి, తర్వాత కొలత.

తరంగం రాయిలో ఎట్లా పోతుంది

రాయిని ఒక వైపు తడితే ఆ నొక్కుడు రేణువు నుంచి రేణువుకు అందుకుంటూ అవతలికి పోతుంది. ముందుగా చేరేది అనుదైర్ఘ్య తరంగం. ఇందులో రేణువులు తరంగం పోయే దిశలోనే ముందుకూ వెనక్కూ కదులుతాయి. దాని వెనక, సుమారు అరవై శాతం వేగంతో, రేణువులను అడ్డంగా ఊపుతూ తిర్యక్ తరంగం వస్తుంది. పల్స్ మీటరు గడియారాన్ని ఆపేది మొదటిదే.

వేగం రాయి బిగువు మీదా సాంద్రత మీదా ఆధారపడుతుంది. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, నీటిలో 1,480 మీటర్లు, మంచి కాంక్రీటులో 4,000 మీటర్ల చుట్టుపక్కల. చీమకుర్తి నల్లరాయిని (బ్లాక్ గెలాక్సీ) వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా శిలాశాస్త్రం లెక్కన అది గాబ్రో జాతి. బంగారు చుక్కల్లా మెరిసేవి పైరాక్సీన్ ఖనిజపు రేణువులు. బిగువైన గాబ్రోలో వేగం సాధారణంగా 6,000 నుంచి 7,000 మీటర్ల మధ్య ఉంటుంది. క్వార్ట్జ్ ఎక్కువగా ఉండే లేతరంగు గ్రానైట్లలో కంటికి కనపడని సూక్ష్మ పగుళ్లు సహజంగానే ఎక్కువ కాబట్టి, వేగం అంతకన్నా తక్కువ వస్తుంది. అది లోపం కాదు, ఆ రాయి తీరే అంత.

కాంక్రీటుకు రాసిన ప్రమాణాల్లో వేగం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే అత్యుత్తమం అని ఉంటుంది. ఆ పట్టికను నల్లరాయికి వాడారంటే పాడైన బ్లాకు కూడా అత్యుత్తమమే అవుతుంది. ఇది తరచూ జరిగే పొరపాటు, ఖరీదైన పొరపాటు కూడా.

పగులు దగ్గర జరిగేది

రాయిలోంచి వచ్చిన తరంగానికి గాలి సందు ఎదురైతే దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది. ఆ సందు ఎంత సన్నగా ఉన్నా సరే. వెంట్రుక మందంలో వందో వంతు గాలి పొర పూర్తిగా విడిపోయి ఉన్నా, 54 కిలోహెర్ట్జ్ తరంగం (సెకనుకు 54 వేల సార్లు ఊగేది, ఈ పనికి వాడేది) ఎత్తులో, అంటే అల బలంలో, పదో వంతు కూడా దాటదు. అదే సందులో నీళ్లు నిండితే లెక్క మొత్తం తారుమారవుతుంది. మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న నీటి పొరకు ఎదురుగా వచ్చిన అనుదైర్ఘ్య తరంగం ఇంచుమించు ఏమీ తగ్గకుండా అవతలికి పోతుంది. కంటికి స్పష్టంగా కనపడేంత పగులు కూడా తడిగా ఉంటే మీటరుకు లేనట్టే. తిర్యక్ తరంగాన్ని నీళ్లు మోయలేవు గానీ, మామూలు మీటరు దాన్ని చూడదు.

అక్కడక్కడా గరుకు మొనలు ఆనుకుని, మిగతా చోట్ల విడిపోయి ఉండే పగులు ఇంకో రకం. క్వారీలో హెయిర్ క్రాక్ అనేవాటిలో చాలా వరకు ఇవే. ఇది స్ప్రింగులా పనిచేస్తుంది. నిదానంగా ఊగే తరంగాన్ని దాటనిస్తుంది, వేగంగా ఊగేదాన్ని ఆపేస్తుంది. పాతికేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీ సమ్మెటతో కొట్టి ‘కంగుమంటోంది, మంచి రాయే’ అన్న బ్లాకులో పగులు బయటపడటానికి కారణం ఇదే. ఆయన చెవి తప్పు కాదు. బరువైన సమ్మెట రాయిని తాకి ఉండే కాలం ఎక్కువ. అది పుట్టించే తరంగం పొడవు మీటర్లలో ఉంటుంది, జానెడు పగులు దానికి అడ్డే కాదు. చిన్న సుత్తితో తడితే కొంత మేలు. అది కూడా స్లాబు మీద బాగా పనికొస్తుంది గానీ ఇరవై టన్నుల బ్లాకు మీద కాదు.

పగులు వెనక నీడ పడుతుంది. కానీ తరంగం పగులు అంచులను చుట్టుకుని పోయి, కొంత దూరం తర్వాత ఆ నీడను పూడ్చేస్తుంది. ఎంత పూడుస్తుందో లెక్క వేసి చూడండి. 1.5 మీటర్ల దారికి సరిగ్గా మధ్యలో, దారికి అడ్డంగా, 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పగులు ఉందనుకుందాం. దాని అంచును తాకుతూ చుట్టి వచ్చే దారి 151.3 సెంటీమీటర్లు. అంటే అదనంగా పడేది 2 మైక్రోసెకన్లే (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షో వంతు), ఒక్క శాతం కూడా లేదు. టేపు కొంచెం వంకరగా పట్టినా అంత తేడా వస్తుంది. 40 సెంటీమీటర్ల పగులయినా 8 మైక్రోసెకన్లు, మూడున్నర శాతం, అంతే. కానీ ఆ రెండు చోట్లా అవతలికి చేరే తరంగం ఎత్తు గట్టిగా పడిపోతుంది.

కాబట్టి సమయం రాయి తీరును చెబుతుంది, పగులును పట్టించేది ఎత్తు. మీటరు తెరమీద మైక్రోసెకన్ల అంకె ఒక్కటే రాసుకుని వచ్చేస్తే పని సగం కూడా కానట్టే. తరంగం ఆకారం చూపించే మీటరే కావాలి. అంకె మాత్రమే చూపించే పాత రకం ఈ పనికి చాలదు.

కావలసినవి

54 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్ల జత (ఒకటి తరంగాన్ని పంపేది, ఒకటి అందుకునేది), వాటి మీటరు, దానితో వచ్చే రిఫరెన్స్ కడ్డీ, ఒక్కోటి 5 మీటర్ల కేబుళ్లు రెండు. గరుకు బ్లాకుకు మామూలు గ్రీజు లేదా పెట్రోలియం జెల్లీ. పాలిష్ చేసిన స్లాబుకు, ముఖ్యంగా లేతరంగు రాయికి, గ్రీజు వాడకండి. నూనె రాయిలోకి దిగి మరక పడుతుంది, నీటి జెల్ వాడండి. స్టీలు టేపు, సుద్ద, రాయి డిస్కు ఉన్న చేతి గ్రైండరు, ఉక్కు బ్రష్షు, గుడ్డ.

150 కిలోహెర్ట్జ్ జత దొరికితే చిన్న పగుళ్లకు మంచిది. 6,500 మీటర్ల వేగంలో 54 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, 150ది 4.3 సెంటీమీటర్లు. పొట్టి తరంగానికి చిన్న పగులు తగులుతుంది, కానీ అది దూరం పోలేదు. మీటరున్నర బ్లాకుకు 54తో మొదలుపెట్టి, అనుమానం వచ్చిన చోట 150తో మళ్లీ చూడటం మా సలహా.

బ్లాకును సిద్ధం చేయడం

ముందు నీళ్ల పరీక్ష. బ్లాకు ముఖాన్ని బ్రష్షుతో రుద్ది, బకెట్టు నీళ్లు పోసి, ఆరనివ్వండి. రాయి పైభాగం తెల్లబడుతుంది. పగులు ఉన్న చోట మాత్రం లోపల ఇంకిన నీళ్లు నిదానంగా పైకి వస్తూ, సన్నటి నల్లటి దారంలా తడి గీత నిలుస్తుంది. అది ఒక నిమిషమో రెండు నిమిషాలో ఉండి మాయమవుతుంది, రాయి వేడిగా ఉంటే అంతకన్నా ముందే. సుద్ద చేతిలో పట్టుకునే నిలబడండి. వాలు వెలుతురులో, అంటే పొద్దున గాని సాయంత్రం గాని, ఈ గీత బాగా కనపడుతుంది. ఇది ముఖం మీదికి వచ్చిన పగుళ్లనే పట్టిస్తుంది, అయినా దీన్ని మానకండి.

ఆ తర్వాత బ్లాకు పూర్తిగా ఆరాలి. నీటి పరీక్ష చేసిన రోజే మీటరు పెడితే పగులు నీళ్లతో నిండి ఉంటుంది, పైన చెప్పినట్టు దాక్కుంటుంది. ఎండాకాలంలో రెండు రోజులు ఆరబెడితే పైపైన తడి పోతుంది. మన దగ్గర వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ రోజుల్లో ఆరుబయట యార్డులో ఉన్న బ్లాకుకు కొలత తీసి ‘బాగుంది’ అని రాసివ్వడం సరికాదు. తీయక తప్పకపోతే కాగితం మీద ‘తడి రాయి’ అని రాయండి. బ్లాకు ఆరాక మళ్లీ తీసినప్పుడు ఏ పాయింట్లలో ఎత్తు పడిపోయిందో చూడండి. తడిలో బాగుండి ఆరాక పడిపోయిన పాయింటే పగులుకు అసలైన ఆనవాలు.

మధ్యాహ్నపు ఎండలో కొలవకండి. నల్లరాయి చెయ్యి పెట్టనివ్వదు, గ్రీజు కారిపోతుంది, పట్టు చెడుతుంది. తెల్లవారి మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించడం మేలు. పేర్చిన బ్లాకుల సందుల్లోకి దూరి కొలవొద్దు. నాలుగు వైపులా ఖాళీ ఉండేలా క్రేనుతో దింపించి, దుంగల మీద కదలకుండా కూర్చోబెట్టించాకే దగ్గరికి పోండి.

3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు, 1.5 మీటర్ల మందం ఉన్న బ్లాకుకు పెద్ద ముఖాల మీద 30 సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున సుద్దతో గళ్లు గీయండి. అంచులు వదిలేస్తే పొడవునా 9, ఎత్తులో 5, మొత్తం 45 పాయింట్లు. 30 సెంటీమీటర్లే ఎందుకంటే, మీటరున్నర దారిలో 54 కిలోహెర్ట్జ్ తరంగం సన్నని దారంలా పోదు, మధ్యలో సుమారు 42 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గొట్టంలా పోతుంది. 30 పెడితే పక్కపక్క గొట్టాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఖాళీ మిగలదు. 60 పెట్టి పని తగ్గించుకుంటే మధ్యలో పగులు జారిపోవచ్చు.

ప్రతి పాయింటు దగ్గర ట్రాన్స్‌డ్యూసరు కన్నా కొంచెం పెద్దగా, 6 సెంటీమీటర్ల చోటు గ్రైండరుతో చదును చేయండి. డ్రిల్లు గాళ్లు ఉన్న ముఖమైతే రెండు గాళ్ల మధ్య గట్టు మీద పెట్టండి, గాడిలో వద్దు.

కొలత

మొదట కడ్డీకి రెండు వైపులా ట్రాన్స్‌డ్యూసర్లు పెట్టి, దానిమీద రాసి ఉన్న సమయం వచ్చేలా మీటరును సరిచేయండి. గంటకొకసారి మళ్లీ చూడండి.

గ్రీజు పలచగా రాసి, కొంచెం తిప్పుతూ గట్టిగా నొక్కి, అదనపు గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా పట్టండి. 2 మిల్లీమీటర్ల గ్రీజు మిగిలినా ఒక మైక్రోసెకనుకు పైగా తినేస్తుంది, ఎత్తునూ తగ్గిస్తుంది. ఒక్కో పాయింటులో మూడుసార్లు తీసి పెట్టండి. మూడు సమయాలూ, మూడు ఎత్తులూ రాసి, మధ్యదాన్ని తీసుకోండి. మొదటి నుంచి చివరిదాకా మీటరులో వోల్టేజీ, గెయిన్ (అందిన సంకేతాన్ని పెంచి చూపే మోతాదు) మార్చకూడదు. మారిస్తే ఎత్తులను పోల్చడానికి ఆధారమే ఉండదు. చాలామంది సంకేతం బలహీనంగా ఉందని గెయిన్ పెంచేసి, బాగుపడిందనుకుంటారు. ఆ బలహీనతే కదా మనం వెతుకుతున్నది.

అంకె అనుమానంగా ఉంటే పంపేదాన్నీ అందుకునేదాన్నీ అటూ ఇటూ మార్చి తీయండి. రాయిలో పగులున్నా లేకున్నా ఎటు నుంచి ఎటు పంపినా సమయం ఒకటే రావాలి. రాలేదంటే తప్పు పట్టులో ఉంది, రాయిలో లేదు.

ఇంకో మోసం ఉంది. ఎత్తు బాగా తగ్గినప్పుడు మీటరు మొదటి అలను గుర్తుపట్టలేక రెండోదాని దగ్గర గడియారం ఆపుతుంది. 54 కిలోహెర్ట్జ్‌కు ఒక అల కాలం 18.5 మైక్రోసెకన్లు. అన్ని పాయింట్లూ 231 దగ్గర వస్తూ ఒక్కటి మాత్రం 249 వచ్చిందంటే, అది పగులు చుట్టూ తిరిగి వచ్చిన సమయం కాకపోవచ్చు, మొదటి అల తప్పిపోయి ఉండొచ్చు. తెరమీద అల మొదలైన చోటును చేత్తో గుర్తుపెట్టి మళ్లీ చదవండి. అప్పుడు 239 వచ్చిందనుకోండి, వేగం 6,490 నుంచి 6,280 మీటర్లకు దిగినట్టు, అంటే మూడు శాతం పైన. ఎత్తు కూడా పక్క పాయింట్లలో సగానికి తగ్గి ఉంటే అక్కడ ఎర్ర సుద్దతో గుర్తు పెట్టండి. రెండు శాతం లోపు తేడా వచ్చి ఎత్తు మారకపోతే వదిలేయండి. ఏ పుస్తకంలోని అంకెతోనూ పోల్చకండి. ఆ బ్లాకులోని మంచి పాయింట్లే ఆ బ్లాకుకు కొలబద్ద.

తరంగం పోయే దిశకు సమాంతరంగా ఉన్న పగులును తరంగం పక్కనుంచి దాటిపోతుంది, ఎత్తూ మారదు, సమయమూ మారదు. కాబట్టి మందం దిశలో 45 పాయింట్లూ బాగున్నాయని సంతోషపడితే చాలదు. పొడవు దిశలోనూ, వీలైతే ఎత్తు దిశలోనూ కొన్ని తీయాలి. 3 మీటర్ల దారికి సంకేతం సన్నగా వస్తుంది గానీ బిగువైన రాయిలో వస్తుంది. ఎర్ర గుర్తు పడిన చోట ఏటవాలుగా కూడా తీయండి. ఇవతల ముఖం మీద ఒక గడి, అవతల ముఖం మీద రెండు గళ్లు పక్కకు. ఎత్తు పడిపోయిన గీతలన్నీ కాగితం మీద కొలతకు గీస్తే అవి ఒకదాన్నొకటి కోసుకునే చోట పగులు ఉంటుంది.

మూడు దిశల్లోనూ వేగాలు కొంచెం వేరుగా రావడం సహజం. రాయి సులువుగా చీలే దిశకు అడ్డంగా వేగం తక్కువ, దాని వెంబడి ఎక్కువ. మార్కాపురం పలకరాయిలో పొరల వెంట, పొరలకు అడ్డంగా తీసి చూస్తే పగులు లేకపోయినా పెద్ద తేడానే కనపడుతుంది. అందుకే ఒక దిశ అంకెను ఇంకో దిశతో పోల్చి పగులు అనుకోకూడదు.

ముఖం మీది పగులు లోతు

తడి గీతగా కనపడిన పగులు ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే రెండు ట్రాన్స్‌డ్యూసర్లనూ ఒకే ముఖం మీద, పగులుకు చెరో వైపు సమదూరంలో పెట్టండి. మొదట 15 సెంటీమీటర్లు (సమయం స1), తర్వాత 30 సెంటీమీటర్లు (సమయం స2). దూరాలు ట్రాన్స్‌డ్యూసరు నడిమధ్య నుంచి.

లోతు = 15 × √[(4 × స1² − స2²) ÷ (స2² − స1²)] సెంటీమీటర్లు

స1 55.5, స2 97.3 మైక్రోసెకన్లు వచ్చాయనుకోండి. పైది 2,853.7, కిందిది 6,387. భాగిస్తే 0.447, వర్గమూలం 0.668, లోతు 10 సెంటీమీటర్లు. ఈ పద్ధతిలో రాయి వేగం విడిగా తెలియాల్సిన పనిలేదు. తరంగం పగులు కొన దాకా దిగి, అక్కడ చుట్టుకుని, మళ్లీ పైకి ఎక్కుతుందన్న లెక్కే దీనికి ఆధారం.

ఆ లెక్క తప్పే చోట్లు రెండు. పగులులో నీళ్లో దుమ్ముతో కలిసిన బురదో ఉంటే, లేక మధ్యలో మొనలు ఆనుకుని ఉంటే తరంగం కొన దాకా పోకుండా అడ్డదారిలో దాటేస్తుంది. లోతు తక్కువగా వస్తుంది, మోసపోతాం. రెండోది, పగులు నిలువుగా కాకుండా వాలుగా దిగడం. ఇది తెలుసుకోవడానికి రెండింటినీ పగులుకు దగ్గరగా పెట్టి ఒకదాన్ని మెల్లగా దూరం జరపండి. దూరం పెరిగినా సమయం తగ్గిందంటే పగులు అటువైపు వాలి ఉంది. అవతలివైపూ అట్లాగే చూడండి. వాలు పగులుకు పై సూత్రం వాడొద్దు.

పేలుడు దెబ్బ తిన్న పైపొర

మందు పెట్టి విడదీసిన ముఖం వెనక కొన్ని సెంటీమీటర్ల మందాన సూక్ష్మ పగుళ్లు పరుచుకుని ఉంటాయి. వాటి వల్ల రాయి బిగువు తగ్గుతుంది, వేగం పడుతుంది. బ్లాకు సొంత బరువు ఆ పగుళ్లను మూసేస్తుందనుకోకండి. మీటరున్నర రాయి అడుగున పడే ఒత్తిడి 0.05 మెగాపాస్కల్ కూడా ఉండదు, ఆ పగుళ్లు మూసుకోవాలంటే పదుల మెగాపాస్కళ్లు కావాలి.

ఆ పొర మందం ఇట్లా తెలుస్తుంది. పంపేదాన్ని ఒకచోట ఉంచి, అందుకునేదాన్ని ఒకే గీత మీద 10, 20, 30 సెంటీమీటర్లు, అట్లా 80 దాకా జరుపుతూ సమయాలు తీయండి. గ్రాఫు కాగితం మీద దూరం అడ్డంగా, సమయం నిలువుగా పెట్టండి. దగ్గరి పాయింట్లు ఏటవాలు ఎక్కువ ఉన్న గీత మీదా, దూరపువి వాలు తక్కువ ఉన్న గీత మీదా పడతాయి. మొదటి గీత మీద దూరాన్ని సమయంతో భాగిస్తే పై పొర వేగం, రెండో గీత మీద పెరిగిన దూరాన్ని పెరిగిన సమయంతో భాగిస్తే కింది రాయి వేగం. దూరం పెరిగినప్పుడు తరంగం కింది మంచి రాయిలోకి దిగి, వేగంగా పోయి, ముందే పైకి వస్తుంది. రెండు గీతలూ కలిసే దూరంలో సగాన్ని, (కింది వేగం − పై వేగం) ÷ (కింది వేగం + పై వేగం) వర్గమూలంతో గుణిస్తే మందం. పైన 4,000, కింద 6,500 మీటర్లు వచ్చి, గీతలు 40 సెంటీమీటర్ల దగ్గర కలిస్తే 20 × 0.488, సుమారు 10 సెంటీమీటర్లు. అంత మందం నికర కొలతలోకి రాదని మార్కర్‌కు (బ్లాకును చూసి కొలత వేసే కొనుగోలుదారు మనిషికి) అంకెలతో చూపించవచ్చు. గ్రాస్ (మొత్తం కొలత) మీద, నెట్ (పాడైంది తీసేసిన నికర కొలత) మీద జరిగే బేరంలో కేక కన్నా గ్రాఫు బలమైనది. గీత విరగకుండా నిదానంగా వంగితే, పాడైన పొర మెల్లగా మంచి రాయిగా మారుతోందని అర్థం. అప్పుడు ఒక్క అంకె చెప్పకుండా ‘ఇంత నుంచి ఇంత’ అని రాయండి.

తేలినదాన్ని కోతకు పనికొచ్చేలా చేయడం

పగులు ఉన్నంత మాత్రాన బ్లాకు వృథా కాదు. పగులు తలం బ్లేడ్లకు సమాంతరంగా వచ్చేలా బ్లాకును గ్యాంగ్‌సా ట్రాలీ మీద కూర్చోబెడితే ఒకటి రెండు స్లాబులే పోతాయి. అడ్డంగా వస్తే అది తగిలిన ప్రతి స్లాబూ పోతుంది. వాలు పగులైతే ముందే వైర్ సాతో (తీగతో రాయి కోసే యంత్రం) ఆ మూల కోసి తీసేసి, మిగిలిన బ్లాకును చిన్న సైజు కింద లెక్కలో పెట్టడం మంచిది.

ఎర్ర సుద్ద గుర్తులు నిలవవు. ట్రాలీ ఎక్కేలోపు వాన పడినా, గుడ్డ తగిలినా పోతాయి. కొలత అయిన వెంటనే గ్రీజు తుడిచేసి, పగులు దిశను పెయింటుతో గీయండి. క్రేను తిప్పాక ఏది పైముఖమో ఎవరికీ గుర్తుండదు కాబట్టి బ్లాకు నంబరూ, పైకి చూపే బాణమూ కనీసం మూడు ముఖాల మీద ఉండాలి.